రెండు దేశాల కిందా మా బావ జంపఖానా

టర్కీవాళ్ళకూ ఇరాన్‌వాళ్ళకూ తివాచీలు అమ్మడానికి వరంగల్ నుంచి ఇద్దరం బయలుదేరామని చెబితే, వినేవాళ్ళు ముందు మా మొహాలు చూశారు, తర్వాత మా మూటలు చూశారు, ఆ తర్వాత మా అక్క వైపు జాలిగా చూశారు. తాతకు దగ్గు నేర్పడానికి పోతున్నారన్నాడు ఎదురింటాయన. పోయాం, వచ్చాం. మధ్యలో ఆ రెండు దేశాల పెద్దమనుషుల చేత బూట్లు విప్పించి నేల మీద కూర్చోబెట్టాం. నేను చెప్పే కథల్లో రూపాయికి పావలా వంతే నిజం ఉంటుందని వరంగల్‌లో మా నేతగాళ్ళ పేట కొత్తవాడలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా నేనే, మిగతా ముప్పావలా ఎవరూ అడగకుండా. ఈసారి మాత్రం మా బావ సాక్షి. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. వచ్చి ఉంటే ఆయన మగ్గానికి అమ్ముడుపోయే గతి పట్టేది కాదు.

కొత్తవాడ: మూట కట్టడం

మా బావ సాంబయ్య జంపఖానాలు, అంటే నూలు తివాచీలు, నేస్తాడు. నేను అమ్మిపెడతాను, అంటే కొనేవాడికి కథ చెబుతాను, బావ పక్కన నిలబడి ఆ కథ నిజం కాదని చెబుతాడు. ఇద్దరం కలిసి ఇన్నేళ్ళు వ్యాపారం చేశామంటే అది జంపఖానా గొప్పతనమే. ఇప్పుడు పెళ్ళిళ్ళకు కుర్చీలు వచ్చాయి, ఇళ్ళలోకి ప్లాస్టిక్ చాపలు వచ్చాయి. మగ్గం విప్పి అమ్మేద్దామని బావ నిర్ణయించుకున్నాడు. దాని కర్ర పాతకాలం టేకు. మంచం చేయించుకుంటానని హన్మకొండ నుంచి ఒకాయన వచ్చి, బావ నేస్తూ ఉండగానే టేపు పెట్టి కొలతలు తీసుకుని పోయాడు.

అప్పుడే హైదరాబాద్‌లో మా సరుకు పట్టే ఎగుమతి వ్యాపారికి మోకాలి ఆపరేషన్ అయింది. టర్కీ తూర్పు కొసన, ఇరాన్ సరిహద్దుకు దగ్గర్లో, వాన్ అనే ఊళ్ళో జరిగే వ్యాపార సంతలో ఆయనకు ఒక కొట్టు ఉంది. డబ్బు కట్టేశాడు, కాలు కదలదు. మమ్మల్ని పొమ్మన్నాడు. అక్క సకినాలు, సర్వపిండి, మిరపకారం సీసా మూట కట్టి, గుమ్మంలో నిలబడి శాసనం చెప్పింది.

“మంచమాయనకు మీరు వచ్చేదాక ఆగుమని చెప్పిన తమ్మీ. ఉత్త చేతుల్తోని వస్తిరనుకో, ఆ మంచం మీదనే మీ ఇద్దర్ని పండవెడ్త.”

ఆ సంత సంగతి కాస్త చెప్పాలి. టర్కీ, ఇరాన్ ఇద్దరూ ఆ దిక్కున పెద్ద తలకాయలే. చుట్టుపక్కల ఏ దేశంలో తగాదా వచ్చినా ఒకరు ఈ పక్షం, ఇంకొకరు ఆ పక్షం. అయినా ఇటు గ్యాసు రావాలి, అటు బట్టలు పోవాలి, ట్రక్కులు రెండు వైపులా నడవాలి. కేసముద్రం మార్కెట్ యార్డులో ఎదురెదురు కమీషన్ అడ్తీ దుకాణాలవాళ్ళను చూసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. ఎన్నికలొస్తే చెరో జెండా పడతారు, ఒకరి పెళ్ళికి ఒకరు పోరు, కానీ మక్కలు తూచే కాంటా మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఈ రెండు దేశాలు కూడా అలా కాంటా దగ్గర కలుసుకుని వ్యాపారం పెంచుకుందామనీ, పనిలో పనిగా పక్కింటి కొట్లాట సంగతి కూడా మాట్లాడుకుందామనీ అనుకున్నాయి. అందుకు పెద్దల సమావేశం పెట్టుకున్నాయి, సంత దానికి తోక.

వాన్: గిన్నెల మీద దండయాత్ర

విమానాల సంగతి వదిలేస్తున్నాను. బావకు కిటికీ సీటు ఇచ్చి తప్పు చేశానని మాత్రం చెబుతాను. మేఘాలను చూసి “మంచి దూది, ఏకితే ఎన్ని బేళ్ళైతదో” అని హైదరాబాద్ నుంచి ఇస్తాంబుల్ దాకా లెక్క కట్టాడు.

వాన్‌లో పొద్దున టిఫిన్ అనేది టిఫిన్ కాదు, యుద్ధం. కూర్చోగానే బల్ల నిండా చిన్న చిన్న గిన్నెలు దిగుతాయి. మీగడ మీద తేనె, కొండ ఆకులు కలిపిన జున్నులాంటి చీజ్, వెన్నలో వేయించిన పిండిలో గుడ్డు కొట్టిన ముద్ద, టమాట, దోసకాయ, నల్ల ఆలివ్‌లు. ఒక గిన్నె ఖాళీ చేస్తే ఇంకొకటి వస్తుంది. మనం ఓడిపోయేదాకా ఆపరు. ఆలివ్‌ను నేరేడుపండు అనుకుని నోట్లో వేసుకున్న బావ, ఉమ్మడానికి మర్యాద అడ్డం వచ్చి, దాన్ని దవడలో పెట్టుకునే సగం ఊరు తిరిగాడు. నడుము సన్నటి గ్లాసులో పాలు లేని టీ మన నలభై రూపాయలు. హన్మకొండ చౌరస్తాలో ఆ డబ్బుకు నలుగురు తాగి, ఒకడి మీద ఇంకొకడు చాడీలు కూడా చెప్పుకోవచ్చు. కానీ అక్కడ టీ డబ్బులిచ్చి తాగేవాడు తక్కువ. ఏ కొట్టు ముందు నిలబడ్డా కూర్చోబెట్టి తాగిస్తారు.

హోటలు యజమాని, పొట్ట ముందు నడిస్తే తాను వెనక నడిచే మనిషి, మా కారం సీసా చూసి ముచ్చటపడ్డాడు. చీజ్ మీద చిటికెడు చల్లుకోమని సైగ చేశాను. ఆయన చెంచాడు వేసుకున్నాడు. వాన్ ఊరి పక్కన పెద్ద సరస్సు ఉంది, సముద్రమంత. నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఎందుకని అందరూ అడుగుతుంటారు. నాకు తెలుసు. ఆ పొద్దున ఆయన కళ్ళు అటువైపే తిరిగి ఉన్నాయి.

ఆ ఊరి పిల్లులు తెల్లగా ఉంటాయి, కొన్నింటికి ఒక కన్ను నీలం, ఇంకొకటి తేనె రంగు. హోటలు అరుగు మీద ఒకటి కూర్చుని ఉంది. ఒక కన్నుతో టర్కీని, ఇంకో కన్నుతో ఇరాన్‌ను కాపలా కాస్తున్నట్టు ఎవరినీ పూర్తిగా నమ్మకుండా చూస్తోంది. దౌత్యాధికారి అంటే ఇలా ఉండాలని బావకు చూపించాను. బావ దానికి సకినం పెట్టాడు. వాసన చూసి వదిలేసింది. అచ్చం దౌత్యాధికారే.

పిస్తాల పాఠం

సంతలో మా ఎదురు కొట్టు బెహ్రూజ్‌ది. ఇరాన్‌లోని తబ్రీజ్ ఆయన ఊరు, పిస్తాలూ ఎండు ద్రాక్షా వ్యాపారం. మా తెలుగు చెవిన పడగానే పరుగెత్తుకొచ్చి, “క్యా మియా, తెలంగానా సే?” అన్నాడు. కుర్రతనంలో హైదరాబాద్‌లో చదువుకున్నాడట. ఆయన ఉర్దూ అంతా చార్మినార్ పక్కనే ఆగిపోయింది, ప్రతి మూడో మాటకూ వద్దు అనడానికి ‘నక్కో’. మిర్చిబజ్జీ గుర్తొస్తే ఇప్పటికీ రాత్రి నిద్ర పట్టదన్నాడు. తబ్రీజ్‌వాళ్ళు ఇంట్లో మాట్లాడేది కూడా ఒక రకం టర్కీ భాషే కాబట్టి ఆయనకు అటూ వచ్చు, ఇటూ వచ్చు, మాతో మాటా వచ్చు. ఆ సంతలో అంతకన్నా విలువైన సరుకు లేదు.

మొదటి రోజే బావ ఒక సంచీ పిస్తాలు తీసుకుని ధర అడిగాడు. నీకంటే ఎక్కువా, ఊరికే తీసుకో అన్నాడు బెహ్రూజ్. బావ దండం పెట్టి తీసుకున్నాడు. సాయంత్రానికి సంచీ ఖాళీ. బెహ్రూజ్ మొహం మాడింది. మర్నాడు నన్ను పక్కకు పిలిచి, తిడుతున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా చెప్పాడు. వాళ్ళ దేశంలో డబ్బులొద్దు, ఊరికే తీసుకో అన్నది మర్యాద. అవతలివాడు రెండుసార్లు కాదనాలి. మూడోసారి కూడా ఊరికే అంటేనే నిజం. టాక్సీవాడు కూడా డబ్బులొద్దంటాడట, నిజమనుకుని దిగిపోతే వెంటబడతాడట.

బావకు చెప్పాను. ఆయన సిగ్గుపడి డబ్బులిచ్చేశాడు. తర్వాత, మన దగ్గర మాత్రం తక్కువా అన్నాడు. అక్క పుట్టింటివాళ్ళు అన్నం వద్దు వద్దంటారు, నిజమనుకుని కంచం తీసేస్తే మూడు తరాలు మాట్లాడుకుంటారన్నాడు. ఆ పుట్టింటివాడిని నేనే కాబట్టి సరుకు సర్దడానికి లేచాను.

ఎవరూ ఆగని కొట్టు

కొట్టు సంగతి మాత్రం చెప్పుకోలేని స్థితి. మాకు కుడివైపు టర్కీ పట్టు తివాచీలు, ఎడమవైపు ఇరాన్ ఉన్ని తివాచీలు, ఒక్కొక్కటి కాలు పెడితే చీలమండ మునిగేంత కుచ్చు. మధ్యలో మా నూలు జంపఖానాలు, రొట్టె మందం. వచ్చినవాళ్ళు మూల ఎత్తి వెనక ముడులు వెతికేవారు. ముడులు ఉండవు. ఇటు ఏముందో అటూ అదే ఉంటుంది. బావ భుజం తట్టి, ఒక టీ తాగించి పోయేవారు. నేను నా కథలన్నీ బయటికి తీశాను. పూర్వం పర్షియా నేతగాళ్ళే మా ఊరొచ్చి పని నేర్పారంటే, మరి నేర్పినవాళ్ళం మేముండగా మీ దగ్గరెందుకు కొనాలి అని ఒక ఇరాన్ ముసలమ్మ అడిగింది. ఆమెకు మాత్రం టీ నేనే తాగించి పంపాను.

అక్క రోజూ ఫోన్ చేసేది. ఏమన్నా పోయినయా అంటే, టీలు తాగినం అని బావ ఉన్నదున్నట్టు చెప్పేవాడు. మంచమాయన మళ్ళీ వచ్చాడనీ, ఈసారి వడ్రంగిని కూడా వెంటేసుకొచ్చాడనీ ఆమె చెప్పింది. ఆ సాయంత్రం బావ సరస్సు ఒడ్డున కూర్చుని, మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంత పూడ్చి అక్కడ కొత్తిమీర పెడితే వస్తుందా అని అడిగాడు. ఏడుస్తాడేమోనని భయపడ్డాను. ఏడవలేదు. కొత్తిమీర గురించే మాట్లాడాడు. అది ఇంకా కష్టంగా ఉండింది.

సరిహద్దు గేటు: బూట్లు విప్పిన పెద్దమనుషులు

చివరి రోజు అసలు సమావేశం సరిహద్దు గేటు దగ్గర పెట్టారు. ఫొటోల్లో విదేశీయులు కనబడాలని మా బోటివాళ్ళందరినీ బస్సెక్కించారు. సరుకు వదిలి కదలడం బావకు అలవాటు లేదు, పెద్ద జంపఖానా ఒకటి భుజాన వేసుకునే ఎక్కాడు. దారి పొడుగునా చెట్టు లేని కొండలు, వాటి నెత్తిన మంచు. గేటుకు రెండు వైపులా కనుచూపు మేర ట్రక్కులు. డ్రైవర్లు బండ్ల కిందే స్టవ్వులు పెట్టుకుని వండుకుంటున్నారు. డోర్నకల్ జంక్షన్‌లో సిగ్నల్ పడని గూడ్సు బండ్లు గుర్తొచ్చాయి, కాకపోతే ఇక్కడ సిగ్నల్ రెండు ప్రభుత్వాల చేతిలో ఉంది.

హాలు ముందు గుంపు. లోపల ఏదో గొడవ. బెహ్రూజ్ వెళ్ళి విని వచ్చి తల పట్టుకున్నాడు. ఇంకా ట్రక్కుల దాకా, పన్నుల దాకా, పక్క దేశం యుద్ధం దాకా పోనేలేదట. పెద్దమనుషులు కూర్చునే చోట ఎవరి తివాచీ వేయాలన్న దగ్గరే ఆగిపోయింది. మా ఇల్లు, మా తివాచీ అంటారు టర్కీవాళ్ళు. కానుకగా తెచ్చాం, దాన్ని చుట్టి మూలకు పెట్టడమంటే మమ్మల్ని పెట్టినట్టే అంటారు ఇరాన్‌వాళ్ళు. రెండూ పక్కపక్కన వేస్తే ఎవరిది ఒక వేలు ఎత్తుగా ఉందో అదొక తగువు. పైగా కుచ్చు తివాచీ ఒక కొస నుంచి చూస్తే మెరుస్తుంది, ఇంకో కొస నుంచి చూస్తే మబ్బుగా కనిపిస్తుంది. మబ్బు వైపు ఎవరు కూర్చుంటారు?

బెహ్రూజ్ చూపు బావ భుజం మీద పడింది. ఆ తర్వాత జరిగిందంతా చాలా వేగంగా జరిగింది. మేం లోపల ఉన్నాం, జంపఖానా పరిచి ఉంది, ఎరుపూ నీలం చారలు, రెండు చివర్లా గుడి గోపురాల అంచు. ఇరాన్ పక్షం పెద్దాయన, నేను గడ్డమాయన అంటాను, అనుమానంగా వంగి మూల ఎత్తి చూశాడు. టర్కీ పక్షం పెద్దాయన, అంటే మీసాలాయన, రెండో మూల ఎత్తాడు. పైన ఉన్నదే కింద ఉంది. ఈ కొసన ఉన్నదే ఆ కొసన ఉంది. తల లేదు, కాళ్ళు లేవు, వెనక లేదు, ముందు లేదు. ఇద్దరూ ఒకేసారి ‘ఊఁ’ అన్నారు. ఆ రోజు కుదిరిన మొదటి ఒప్పందం అదే.

మీసాలాయన అడుగు ముందుకేశాడు. బావ ఆయనకు అడ్డంగా పోయి చెయ్యి పెట్టాడు.

“చెప్పులు విడువుండ్రి.”

తుపాకులున్నవాళ్ళు ఇద్దరు కదిలారు. నేను మూత్రం ఆపుకున్నాను, కథ కోసం చెప్పడం లేదు. బావా, వాళ్ళు మంత్రులంతటివాళ్ళని గొణిగాను.

“మంత్రులైతేంది బామ్మర్ది? మగ్గం దిగిన కొత్త జంపఖానా. మొదటి అడుగు ఉత్త కాలు పడాలె. మా నాయిన కూడ గట్లనే ఎక్కిండు.”

అది కొత్తవాడలో మా ఇళ్ళ పద్ధతి. అక్కడికి పోయినా ఆయన ఇంకా కొత్తవాడలోనే ఉన్నాడు. నేను ఉర్దూలో చెప్పాను, బెహ్రూజ్ చెమటలు కక్కుతూ రెండు భాషల్లోనూ చెప్పాడు. తర్వాత గడ్డమాయన వంగి బూట్లు విప్పాడు. ఇంట్లో వాళ్ళూ అంతే, వీళ్ళూ అంతే, గడప దగ్గరే విప్పుతారు. హాలు అనేసరికి మరిచిపోయారు. మీసాలాయన మాత్రం తటపటాయించాడు. ఎందుకో విప్పాక తెలిసింది. ఎడమ మేజోడులోంచి బొటనవేలు తల బయట పెట్టి అందరినీ చూస్తోంది. గడ్డమాయన దాన్ని చూశాడు, ఏమీ అనకుండా తన కుడి కాలు కొంచెం తిప్పాడు. మడమ దగ్గర రూపాయి బిళ్ళంత కన్నం.

ముందెవరు నవ్వారో నాకు తెలియదు. ఇద్దరూ చెప్పుకునే కథల్లో అవతలివాడే ముందు నవ్వాడని బెహ్రూజ్ తర్వాత చెప్పాడు.

కుర్చీలు వేయబోతే బావ వాటినీ ఆపాడు, కాళ్ళు గుచ్చుకుంటాయని. అందరూ నేల మీద కూర్చున్నారు. పొట్ట అడ్డం వచ్చి మీసాలాయన ఒక పక్కకు ఒరిగి, మన పెళ్ళిలో వియ్యంకుడిలా మోచేతి మీద ఆనాడు. టీలు వచ్చాయి. ట్రక్కుల మాట త్వరగానే తేలింది. గేటు ఇంకాస్త పొద్దుపోయేదాకా తెరిచి ఉంచుతామన్నారు. పక్క దేశం కొట్లాట దగ్గరికి వచ్చేసరికి గొంతులు లేచాయి. నువ్వు వాళ్ళకు సాయం చేశావంటే, నువ్వు వీళ్ళకు చేయలేదా అని. గడ్డమాయన కోపంతో జరిగేసరికి జంపఖానా ముడత పడింది. మూల కూర్చున్న బావ ప్రాణం ఒప్పలేదు. లేచి పోయి, ఇద్దరి మధ్యా వంగి, జర లేవుండ్రి అన్నాడు. ఎవరూ అనువదించలేదు. ఇద్దరూ లేచారు. బావ ముడత సాపు చేశాడు. మళ్ళీ కూర్చున్నారు. ఎక్కడ ఆపారో ఇద్దరికీ వెంటనే గుర్తు రాలేదు. ఈలోగా ఎవరో టీ పోశారు. యుద్ధం ఆగిందని చెప్పను, నేను అంత అబద్ధాలకోరును కాను. ఆ విషయం మీద మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందామన్నారు, అంతే.

లేచేటప్పుడు అసలు చిక్కు వచ్చింది. ఈ జంపఖానా ఎవరికి? మీరు తీసుకోండని గడ్డమాయన పెద్ద మనసుతో చెయ్యి చాపాడు. సరే, సంతోషమని మీసాలాయన తలూపాడు. అంతే, గడ్డమాయన మొహం మాడిపోయింది. ఆ మాడుడు నేను ఇదివరకే చూశాను. నాకన్నా ముందు బావ గుర్తుపట్టాడు.

“బామ్మర్ది, ఇది పిస్తాల సంగతే. ఆయనకు గూడ కావాలె. ఇద్దరికి చెరొకటి నేసిస్తనని చెప్పు.”

చెప్పాం. రెండూ అచ్చు ఒకేలా ఉంటాయా, ఒకటి కొంచెం పెద్దదైతే మళ్ళీ తగువు కదా అని రెండు పక్షాలూ ఒకే ప్రశ్న వేశాయి. బావ నేల మీద వేలితో గీసి చూపించాడు. ఒకే పడుగు, అంటే నిలువు దారాలు, పొడుగ్గా పోస్తాడు. అదే దారం, అదే రంగు, అదే చెయ్యి. రెండూ వరుసగా నేసి, మధ్యలో కోసి, చెరొకరికి పంపుతాడు. ఒక పడుగు మీద పుట్టినవి తోబుట్టువులు, వాటికి పెద్దా చిన్నా ఉండదు. ఇది రెండు పక్షాలకూ ఎంత నచ్చిందంటే, వాళ్ళ కమిటీలన్నీ వరుసగా గుర్తొచ్చాయి. ట్రక్కుల కమిటీ ఒకటి, నీళ్ళ కమిటీ ఒకటి, గేటు కమిటీ ఒకటి, కొట్లాట కమిటీ ఒకటి. ప్రతిదానికీ అటొకటి, ఇటొకటి నేయమని ఆర్డరిచ్చారు. ఆ మొదటిదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా గేటు హాల్లోనే ఉంచారు. ఇప్పటికీ అక్కడ బూట్లు బయటే విప్పుతున్నారట.

మళ్ళీ కొత్తవాడ

మేం వచ్చేసరికి మంచమాయన వాకిట్లోనే ఉన్నాడు. అక్క ఆయనకు టీ ఇచ్చి, మగ్గం మీద పడుగు ఎక్కుతోందనీ, పడుగు ఉండగా మగ్గం విప్పరనీ, కావాలంటే ఒక జంపఖానా కొనుక్కుని కింద పడుకొమ్మనీ చెప్పింది. ఆయన కొనుక్కున్నాడు కూడా. అది మా బోణీ.

ఆ దేశాల వార్తలు టీవీలో వస్తే ఇప్పుడు అక్క దాని గొంతు పెంచుతుంది. తగాదా పడ్డారంటే భయపడదు, కలిసిపోయారంటే భయపడుతుంది.

“కొట్లాడుకోనీ తమ్మీ, ఏం కాదు. కాని నిలవడి కాదు, కూసోని కొట్లాడుకోవాలె. కింద ఏదన్న ఉండాలె గద.”

మొన్న బావ మొదటి జత నేస్తుంటే గడ్డమాయన ఆఫీసువాళ్ళు బెహ్రూజ్ చేత ఫోన్ చేయించారు. ఆ రెండింటిలో ముందు నేసింది ఎవరిదని అడుగుతున్నారట. నేను ఒక మంచి కథ తయారు చేసుకునేలోపే బావ దారం కొట్టే పంజా పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాడు. మీదే ముందు అన్నాడు. మర్నాడు మీసాలాయన ఆఫీసు నుంచి అదే ప్రశ్న వచ్చింది. మీదే ముందు అన్నాడు. మగ్గం పక్కన కూర్చున్న అక్క ఆయన వైపు చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి నోట ఆమె విన్న మొదటి అబద్ధం అది.

బావ తలెత్తలేదు. దారం అందుకుని, “ఏ కొస నుంచి కొలిస్తే అది” అని గొణిగి, మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. కొత్తవాడలో అబద్ధాలు చెప్పేవాళ్ళం ఇప్పుడు ఇద్దరమయ్యాం. తేడా ఏమిటంటే, ఆయనవాటికి ఆర్డర్లు వస్తున్నాయి.